ఐదో మెట్టు

మా నాయన, మా చిన్నాయన ఐదేళ్లు మాట్లాడుకోలేదు. బొత్తిగా మాట్లాడుకోలేదని కాదు, వాళ్లమ్మ, అంటే మా జేజి నోటితో మాట్లాడుకున్నారు. ఒకే వాకిలి. ఇటు మేము, అటు వాళ్లు. చిన్నాయన తన అరుగు మీద కూర్చుని, "అమ్మా, ఆయనకు చెప్పు, మోటారు ఆపమని. ట్యాంకు పొర్లిపోతాంది" అనేవాడు. నాయన ఎదురుగానే పేపరు చదువుతూ అంతా వినేవాడు. అయినా జేజి వచ్చి చెప్పేదాకా కదిలేవాడు కాదు. జేజి వాకిలి నడుమ నిలబడి, "ఒరేయ్ యోహానూ, విన్నావు కదా, లేయ్" అనేది. నాయన లేచి మోటారు ఆపి వచ్చి, "ఆపినానని వానికి చెప్పు" అనేవాడు.

మాది జమ్మలమడుగు. జేజి సారమ్మ ఆసుపత్రిలో ఆయాగా చేసి రిటైరైన మనిషి. నాయన హైస్కూల్లో లెక్కల అయ్యవారు. చిన్నాయన తిమోతికి పేరుకు సిమెంటు అంగడి ఉంది గానీ, అసలు పని పార్టీ. తొంభై తొమ్మిది ఎలక్షన్లలో ముద్దనూరు అవతల ఒక పల్లెలో నాయన ప్రిసైడింగ్ ఆఫీసరుగా కూర్చుంటే, ఆ బూతు మీదికి చిన్నాయన పార్టీ లీడరు మనుషుల గుంపు వచ్చింది. గుంపులో చిన్నాయన ఉన్నాడు. వాళ్లు బడి గేటు దాటకముందే నాయన పోలింగు ఆపేసి, పెట్టెలకు సీలు వేసి, పైకి రాసి పంపాడు. మళ్లీ పోలింగు పెట్టారు. చిన్నాయన పార్టీ అక్కడ ఓడింది. "నీ అన్నే మన కొంప ముంచినాడు" అని లీడరు నలుగురిలో అన్నాడట. ఆ రోజు నుంచి జేజికి ఈ కొత్త ఉద్యోగం.

అమ్మ, చిన్నమ్మ మాత్రం ఏ పార్టీలోనూ లేరు. కూర గిన్నెలు అటూ ఇటూ తిరుగుతూనే ఉండేవి.

రెండువేల నాలుగులో నేను బెంగుళూరులో చదువు ముగించుకుని ఇంటికి వచ్చేసరికి వాకిలి నడుమ నాపబండలు పేర్చి ఉన్నాయి. ఈ ఎలక్షన్లు కాగానే చిన్నాయన వాకిలికి అడ్డంగా బండల గోడ నిలబెట్టిస్తాడట. ఎర్రగుంట్ల మేస్త్రికి మాట కూడా ఇచ్చేశాడు. "గోడ లేస్తే నేను ఏ పక్క పండుకోవాల్రా?" అని జేజి ఒకసారి అడిగింది. కొడుకులిద్దరూ తలలు దించుకున్నారు. ఆ మాట విన్నాక నాకు రెండు రోజులు అన్నం సహించలేదు.

చేతిలో ఉద్యోగం లేదు, బయట నిప్పులు చెరిగే ఎండ. హాస్టల్లో నేర్చుకున్న ఆట ఒకటి జేజికి, జేజి స్నేహితురాలు దిల్షాద్‌బీకి నేర్పించా. దిల్షాద్‌బీ మా పక్కింట్లో జాకెట్లు కుడుతుంది. ఆటకు బల్ల కావాలి కదా, ఆ నాపబండల కుప్పే బల్ల. నల్లటి బండ మీద సుద్దముక్కతో గుహలు, కోటలు, పెన్న లోయ గీసేదాన్ని.

ఆట చెప్పుకుంటే చాలా సులువు. ఆడేవాళ్లు తలా ఒక వేషం ఎంచుకుంటారు. నేను కథ నడుపుతా. "గుహలో చీకటిగా ఉంది, ఏం చేస్తారు?" అని అడుగుతా. వాళ్లు చెప్పిన పని జరిగిందా లేదా అన్నది అదృష్టం. పట్నంలో దానికి ఇరవై ముఖాల పాచిక ఉంటుంది. మాకు లేదు గనక, చర్చి మహిళా సమాజం వాళ్ల తంబోలా బిళ్లల్లో ఇరవై దాకా ఏరి హార్లిక్స్ సీసాలో వేశా. పెద్ద అంకె వస్తే గెలుపు. గెలుస్తూ పోతే వేషగాడు ఒక్కో మెట్టు పైకెక్కుతాడు, మెట్టుకో కొత్త శక్తి వస్తుంది.

జేజి మంత్రసాని వేషం తీసుకుంది. గాయాలు మాన్పుతుంది. అణా పైసా అన్యాయం ఎరగని దిల్షాద్‌బీ మాత్రం దొంగ వేషమే కావాలని పట్టుబట్టింది. "ఇన్నేండ్లు కొలతలకు కట్టుబడి బతికినా బేటీ, ఆటలోనన్నా తాళాలు పగలగొట్టనీ" అంది. లెక్కలున్న ఆట అనేసరికి నాయన కళ్లజోడు తుడుచుకుని వచ్చి మంత్రగాడిగా కూర్చున్నాడు.

చిన్నాయన్ని ఆ నెల పోలీసులు బైండోవర్ చేశారు. ఎలక్షన్లు అయ్యేదాకా ఊరు దాటకూడదు, పొద్దున సాయంత్రం స్టేషన్లో సంతకం పెట్టాలి. "పెద్ద ఫ్యాక్షనిస్టు! కోడిని కోయమంటే కండ్లు మూసుకుంటాడు" అని జేజి ముక్కు మీద వేలేసుకుంది. ప్రచారమంతా బయట హోరెత్తుతుంటే చిన్నాయన కాలుగాలిన పిల్లిలా అరుగు మీద తిరిగాడు. మూడో రోజు మా ఆట చూస్తూ ఇక ఉండబట్టలేకపోయాడు.

"అమ్మా, ఆ మంత్రగానికి చెప్పు, ఎడమ తలుపు తెరవద్దని. లోపల రాక్షసి ఉంటాది!"

నాయన సుద్ద గీతల మీంచి తల ఎత్తలేదు. "చెప్పేవాడు వచ్చి కూర్చుని చెప్పమను."

అంతే, చిన్నాయన తువ్వాలు దులుపుకుని వచ్చి బండల అవతలి కొసన కూర్చున్నాడు. ఆయన వేషం గొడ్డలి వీరుడు, పేరు గంగులు. ఆ సాయంత్రం నేనొక వింత చూశా.

"ఓయ్ మంత్రగాడా," అన్నాడు గంగులు, "నువ్వు ఎనక నిలబడి ఎలుతురు చూపియ్యి, నేను ముందు పోతాండా."

"తొందరపడి నరకొద్దు గంగులూ," అన్నాడు మంత్రగాడు. "ముందు అది ఏందో చూడు."

జేజి చేతిలో తంబోలా బిళ్ల అట్లే ఉండిపోయింది. దిల్షాద్‌బీ నా తొడ గిల్లింది. ఇంటి లోపలి నుంచి అమ్మ, వాళ్లింట్లోంచి చిన్నమ్మ ఇద్దరూ గడపల్లోకి వచ్చి నిలబడ్డారు. నేనేమీ ఎరగనట్టు, "తలుపు తెరుచుకుంది" అని కథ ముందుకు లాగాను. లోపల మాత్రం గంతులేయాలనిపించింది.

ఆట అయిపోగానే చిన్నాయన లేచి, "అమ్మా, ఆయనకు చెప్పు, లైటు ఆపమని" అంటూ వెళ్లిపోయాడు. ఆటలో మాట్లాడింది గంగులు కదా, తిమోతి కాడు!

నా దగ్గరున్న పాత ఆట పుస్తకంలో మెట్లెక్కే పద్ధతి మోటుగా ఉంటుంది. ఎవడు ఎన్ని తలలు నరికితే వానికి అన్ని పాయింట్లు, ఎవని మెట్టు వానిదే. చిన్నాయనకు దీంతో ప్రాణం లేచొచ్చినట్టయింది. "ఇది మన సీమ ఆటే పాపా!" అని దారిన పోయే నక్కను కూడా వదలకుండా నరికి, అందరికంటే ముందు నాలుగో మెట్టెక్కాడు. ఐదో మెట్టులో గొడ్డలి వీరునికి ఒక దెబ్బకు రెండు దెబ్బలు వస్తాయి. ఆ రెండో దెబ్బ కోసం చిన్నాయన నిద్రలో కూడా కలవరించాడని చిన్నమ్మ చెప్పింది.

మిగతావాళ్లు కూడా నాలుగుకు చేరుకునే వేళకు బెంగుళూరు నుంచి నా స్నేహితురాలు కొత్త పుస్తకం పంపింది. అదే ఆట, కొత్త ఎడిషన్. పొద్దుటూరులో బస్సు డ్రైవరు దగ్గర పార్సిల్ తీసుకుని, తిరుగు బస్సులో మెట్ల అధ్యాయం చదువుతూ వచ్చా. ఇది మా ఇంటి కోసమే రాసినట్టుంది.

సాయంత్రం అందరినీ కూర్చోబెట్టి చెప్పా. కొత్త పద్ధతిలో తలలకు పాయింట్లు లేవు. ఒక్కరుగా ఎక్కడం లేదు, జట్టు మొత్తం ఒకేసారి ఎక్కాలి. ఎక్కే ముందు నిప్పు చుట్టూ కూర్చుని, చీటీలో ఎవరి పేరు వస్తే వాళ్లు తనకు చేసిన మేలు ఒకటి, నిలబడి, అందరూ వినేట్టు చెప్పాలి. ఒక్కరు చెప్పకపోయినా ఎవరికీ మెట్టు లేదు.

"నరికినోనికి ఇలువ లేదా?" చిన్నాయన భగ్గుమన్నాడు. "ఇదేం ఆటప్పా! పాతదే బాగుండాది. పాతదే ఆడదాం."

నాయన వెంటనే, "సిలబస్ మారినాక పాత పుస్తకం పనికి రాదని వానికి చెప్పమ్మా" అన్నాడు.

"రెండు దెబ్బలు ఇస్తారా లేదా కొత్త దాంట్లో?"

"ఇస్తారు చిన్నాయనా," అన్నా. "అందరూ చెప్తేనే."

ఆయన మొహం మాడ్చుకుని కూర్చున్నాడు. చీటీలు వేశాం. జేజికి దిల్షాద్‌బీ, దిల్షాద్‌బీకి జేజి. ఇంక మిగిలిన చీటీలు తెరవాల్సిన పని లేదు. గంగులుకు మంత్రగాడు, మంత్రగానికి గంగులు. కావాలని చేశానని చిన్నాయన నన్ను గుడ్లురిమి చూశాడు. దేవుడి తోడు, నేను చేయలేదు.

జేజి లేచి తల మీద కొంగు కప్పుకుంది. "ఇది మన ఇంటి ప్రార్థనల్లో సాక్ష్యం చెప్పినట్లే కదే కెజియా. ఇంత సేపు ఏందో అనుకుంటి" అని చేతులు కట్టుకుంది. "ఈ దిల్షాదు నాకు కండ్ల ఆపరేషన్ అయినప్పుడు నెల దినాలు రాగి సంకటి చేసి తెచ్చి, నోట్లో పెట్టింది. నేను ఆ రుణం మరువను."

"జేజీ, ఆటలో జరిగింది చెప్పాల. గుహలో దొంగ నిన్ను కాపాడింది చూడు, అది."

జేజి నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేదు. "సాక్ష్యానికి నిలబెట్టి కల్పించి చెప్పమంటావా? నా నోరు పడిపోతాది. నిజంగా జరిగిందే చెప్తా."

దిల్షాద్‌బీ కూడా కొంగు కప్పుకుని లేచింది. "నా కడుపులో చిన్న కూతురు అడ్డం తిరిగినప్పుడు డాక్టరమ్మ వచ్చేదాకా ఈ సారక్క నా చెయ్యి వదలలేదు. అల్లా చూస్తాండాడు, అబద్ధం లేదు." చెప్పి కూర్చుని కళ్లు తుడుచుకుంది. ఏ దేశంలో కూర్చుని ఆ పుస్తకం రాశారో గానీ, వాళ్ల నియమం మా వాకిట్లో ఇట్లా మారిపోయింది. చెప్తే నిజమే చెప్పాలి.

అందరి కళ్లూ అన్నదమ్ముల మీదికి పోయాయి.

"నాకు తల నొస్తాంది" అని చిన్నాయన లేచాడు.

"ఆలోచించుకోవాల" అన్నాడు నాయన.

"ఐదేండ్లు ఆలోచించినా రాదులే. చెప్పమ్మా ఆయనకు!" తలుపు దడాలున మూసుకుంది.

ఆట ఆగిపోయింది. జట్టంతా నాలుగో మెట్టు మీదే. దిల్షాద్‌బీ రోజూ కత్తెర చేతిలో పట్టుకునే వచ్చి, "ఇంకా తెగలేదా?" అని అడిగి పోయేది. మేస్త్రి పలుగు, తాడు తెచ్చి మా వాకిట్లో పడేసి, పోలింగ్ అయిన వారంలో వస్తానని చెప్పి పోయాడు. నేను ఆ పలుగును చూసుకుంటూ తల పట్టుకున్నా.

ఇంతలో నాయనకు డ్యూటీ ఆర్డరు వచ్చింది. పులివెందుల అవతల ఒక పల్లె. ఆ పల్లె పేరు వినగానే అమ్మ చేతిలో గరిట ఆగిపోయింది. అక్కడ రెండు వర్గాలు, నడుమ ఒకే బడి, ఆ బడిలోనే బూతు. పోలింగు ముందు రోజు మధ్యాహ్నం నాయన సంచి భుజానికి తగిలించుకుని బయల్దేరాడు. చిన్నాయన అరుగు మీద పేపరు అడ్డం పెట్టుకున్నాడు. నాయన సందు మలుపు తిరిగేదాకా ఆ పేపరులో పేజీ తిరగలేదు.

సాయంత్రం స్టేషన్లో సంతకం పెట్టి వచ్చిన మనిషి నేరుగా మా గడప దాటి లోపలికి వచ్చాడు. ఐదేళ్ల తర్వాత! అమ్మ బిత్తరపోయి కుర్చీ జరిపింది. ఆయన కూర్చోలేదు.

"వదినా, ఫోను పని చేస్తాందా?"

ముందు ఆ పల్లెలో తన పార్టీ మనిషికి చేశాడు. తర్వాత అవతలి పార్టీ మనిషికి చేశాడు. ఆ రెండో ఆయనా, చిన్నాయనా ఎదురుపడితే పళ్లు కొరుక్కునేవాళ్లని ఊరంతా తెలుసు.

"నేనప్పా, జమ్మలమడుగు తిమోతిని... ఓట్ల సంగతి కాదు, పెట్టేయద్దు, ఇను. మీ బడిలో కూర్చునేది మా అన్న. ఆయన రూలు తప్పడు, తల తీస్తామన్నా తప్పడు. ఆ పని మాత్రం చేయొద్దండి. ఆయన దగ్గర గలాటా వద్దు... ఇంకొకటప్పా. పనిలో పడితే అన్నం మర్చిపోతాడు. కడుపులో మంట ఆయనకు. మధ్యాన్నం కాస్త మజ్జిగన్నం పంపు, నీకు పుణ్యముంటాది."

ఫోను పెట్టేసి నా వైపు తిరిగాడు. "మీ నాయనకు చెప్పొద్దు" అని వెళ్లిపోయాడు. నేను గోడకు ఆనుకుని ఏడ్చేశా. సంతోషమో, భయమో, రెండూనో.

పోలింగు రోజు ఎట్లా గడిచిందో నాకు తెలియదు. జేజి నాపబండల మీదే కూర్చుంది. చిన్నాయన ఆమె పక్కనే కూర్చున్నాడు. ఎవరి పార్టీకి ఎన్ని ఓట్లు పడుతున్నాయో ఒక్కసారి కూడా కనుక్కోలేదు. ఫోను మోగినప్పుడల్లా ఇద్దరూ ఒకేసారి లేచారు.

తెల్లారి నాయన బస్సు దిగి వచ్చాడు. చొక్కా నిండా దుమ్ము, రెండు కళ్లూ ఎర్రబడ్డాయి, చేతిలో రెండు టిఫిన్ క్యారియర్లు! జేజి ఆయన్ని తల నుంచి కాళ్ల దాకా తడిమి చూసి, ఎక్కడా దెబ్బ లేదని నమ్మాక వదిలింది. అమ్మ నీళ్లు తోడితే, "తర్వాత" అన్నాడు. "పాపా, దిల్షాదక్కను పిలువు. ఆట తీయ్."

అందరం కూర్చున్నాం. చిన్నాయన వచ్చి తన కొసన కూర్చుని బండ మీది పాత సుద్ద గీతను గోటితో గీరుతున్నాడు. నాయన నిలబడ్డాడు. లెక్క చెప్పేటప్పుడు మాదిరి గొంతు సవరించుకున్నాడు.

"నిన్న నేను కూర్చున్న బూతులో ఒక్క రాయి పడలేదు. మధ్యాన్నం రెండు పార్టీల ఏజెంట్లు చెరొక క్యారియరు తెచ్చి నా ముందర పెట్టినారు. తిమోతన్న చెప్పినాడు సార్, తినండి అని ఒకడు. మాకు కూడా చెప్పినాడు, మాదే తినాల అని ఇంకొకడు. ఏజెంట్ల అన్నం నేను ముట్టుకోకూడదు, రూలు ఒప్పదు. ఎదురుగా రెండు క్యారియర్లు పెట్టుకుని నేను తీసుకుపోయిన రొట్టె నమిలినా. సాయంత్రం మిషన్లకు సీలు వేసి బస్సెక్కినాక, ఇద్దరూ పరుగెత్తుకొచ్చి కిటికీలోంచి లోపల పెట్టినారు. అప్పుడు రూలు అడ్డం లేదు. రెండూ తిన్నా." ఆగాడు. "ఒకరి దాంట్లో ఉప్పెక్కువ. ఎవరిదో చెప్పను. ఇది గంగులు చేసిన మేలు."

దిల్షాద్‌బీ కిసుక్కున నవ్వింది. నాయన కూర్చున్నాడు. ఇక చిన్నాయన వంతు. తువ్వాలు మెలి తిప్పుతూ లేచాడు. ఎవరి మొహం చూడలేదు, బండ మీది పెన్న లోయను చూస్తూ చెప్పాడు.

"ఐదేండ్ల కిందట ఒక బడి కాడికి పోయినాం. గుంపులో నేనుండా. మేము గేటు లోపలికి అడుగు పెట్టకముందే ఈ మంత్రగాడు పోలింగు ఆపేసినాడు. పక్క ఊర్లో వేరే ఆఫీసరు ఉన్నాడు, ఆయన ఆపలేదు. ఆడ మావోళ్లు లోపలికి పోయినారు, పెట్టెలు పగిలినాయి. వాళ్లంతా ఇంకా కోర్టుల చుట్టూ తిరుగుతాండారు, ఇద్దరు జైల్లో ఉండారు. నేను మాత్రం ఇంట్లో ఉండా. బూతులో కూర్చున్నాయన గేటు దాటకముందే ఆపినాడు కాబట్టి ఉండా. ఆ సంగతి నాకు ఆ రోజే తెలుసు." తువ్వాలు భుజాన వేసుకున్నాడు. "చెప్పడానికి నోరు రాలేదు. అంతే."

జేజి మెల్లగా, "స్తోత్రం" అంది.

నేను సుద్దముక్క తీసుకుని బండ మీద అంకె వేశా. ఐదు. దిల్షాద్‌బీ లేచి నిలబడి, "రెండు దెబ్బలు! తిమోతీ, నీకు రెండు దెబ్బలు!" అని చప్పట్లు కొట్టింది. అమ్మా, చిన్నమ్మా గడపల్లోంచి దిగి వచ్చేశారు. నవ్వులూ, మూగిన ఈగలూ, కాఫీ గ్లాసులూ. ఆ పొద్దు మా వాకిలి పెళ్లిల్లు మాదిరి ఉంది. అన్నదమ్ములు మాత్రం ఒకరి వైపు ఒకరు చూసుకోలేదు. చెప్పింది చెప్పారు, ఎవరి ఇంట్లోకి వాళ్లు పోయారు. నాకు కాస్త దిగులు వేసింది గానీ, అడగడానికి ధైర్యం చాలలేదు.

మరునాడు కాదు, ఆ తర్వాత రోజు మేస్త్రి వచ్చాడు. వెంట ఇద్దరు కూలీలు. పలుగు భుజాన వేసుకుని వాకిలి మధ్యలో నిలబడి, "తిమోతన్నా, గోడ యాడ నుంచి ఎత్తుకోమంటావు?" అని అరిచాడు.

చిన్నాయన అరుగు మీంచి దిగాడు. బండల కుప్పను చూశాడు. దాని మీద ఐదు అంకె ఇంకా చెరగలేదు. నాయన తన అరుగు మీద పేపరు తెరిచి కూర్చుని ఉన్నాడు. చిన్నాయన అలవాటు కొద్దీ జేజి వైపు తిరిగాడు.

"అమ్మా, ఆయన్ను అడుగు..."

జేజి వక్కాకు దంచుతూ తల కూడా ఎత్తలేదు. "ఐదో మెట్టు ఎక్కినావు కదా. నీకు నోరు లేదా? నేను రిటైరైనా."

మేస్త్రి పలుగు దించి అందరి మొహాలూ చూశాడు. చిన్నాయన రెండు సార్లు నోరు తెరిచి మూశాడు. మూడోసారి, ట్యాంకు పొర్లినప్పటంత గట్టిగా, సందంతా వినబడేటట్టు అరిచాడు.

"అన్నా! ఈ బండలు యాడ పరిపిస్తాం?"

పేపరు కిందికి దిగింది. నాయన కళ్లజోడు తీశాడు, తుడుచుకున్నాడు, మళ్లీ పెట్టుకున్నాడు. జేజి వక్కాకు దంచడం ఆపింది.

"యాడికీ తీయొద్దురా," అన్నాడు నాయన. "వాకిలి నడిమధ్యనే పరిపించు. నలుగురు కూర్చుని ఆడుకునేంత ఎత్తున. నీ పక్క ఆనుకోను ఒక బండ నిలబెట్టించు, నీకు నడుము నొప్పి కదా."